ఫాంహౌస్ పూల్ లైనర్‌పై మరకలు: పసుపు, తుప్పు, చిలుము... దేనికి ఏం చేయాలి?

ఆదివారం తెల్లవారుతూనే మా వాచ్‌మన్ ఫోన్. "సార్, రాత్రి హల్దీ ఆడిన్రు. పూల్‌ల నీళ్లన్నీ పచ్చగైనయ్."

"ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?" అని అడిగాను. మన భాషలో ఈ చిక్కొకటి ఉంది. ఆకుపచ్చ అయితే నాచు పట్టినట్టు, లేదా నీళ్లలో రాగి ఉన్నట్టు. పసుపుపచ్చ అయితే ఎవరో పెళ్లికొడుకుని పసుపుతో సహా ఎత్తి పూల్‌లో పడేసినట్టు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే మరక పోకపోగా కొత్తది వచ్చి చేరుతుంది. ఆ రోజు పసుపే అని తేలాక ఊపిరి పీల్చుకున్నాను. ఉన్నవాటిలో తేలిగ్గా వదిలేది అదే.

హైదరాబాద్ శివారు మొయినాబాద్ దగ్గర మా చిన్న ఫాంహౌస్‌ను వారాంతాలకు అద్దెకిస్తాం. పూల్ పొడవు 25 అడుగులు, వెడల్పు 12, లోతు సగటున 4. లోపల నీలం రంగు వినైల్ లైనర్. మొదట్లో ఏ మరక కనిపించినా బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించేవాళ్లం. దాంతో తుప్పు మరకలు ఇంకా ముదిరాయి, మెట్టు మీద లైనర్ ఒకచోట తెల్లగా పాలిపోయింది. ఆ తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది. శంకర్‌పల్లి, చేవెళ్ల, శామీర్‌పేట వైపు ఫాంహౌస్‌లు నడిపేవాళ్లకు ఇదే అవస్థ ఉంటుంది కాబట్టి, తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

మీది లైనర్ పూలేనా?

నవ్వకండి. అద్దెకు తీసుకుని నడిపేవాళ్లలో చాలామందికి తెలియదు. మన దగ్గర ఎక్కువ పూల్స్ సిమెంటు మీద టైల్స్ వేసినవి. లైనర్ అంటే గోడలకూ అడుగుకూ కలిపి తొడిగిన ప్లాస్టిక్ షీటు. బొటనవేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. మూలల్లో అతుకుల గీత కనిపిస్తుంది. పైన అంచు చుట్టూ లైనర్‌ను బిగించిన పట్టీ ఉంటుంది. టైల్స్ డిజైన్ అచ్చువేసిన లైనర్లూ ఉన్నాయి, దూరం నుంచి చూసి మోసపోకండి.

ఈ తేడా ఎందుకంటే, శుభ్రం చేయడానికి వచ్చే కుర్రాళ్లకు టైల్స్ పూల్ అలవాటు. వాళ్ల చేతిలో యాసిడ్ డబ్బా, ఇనుప బ్రష్ ఉంటాయి. టైల్ తట్టుకుంటుంది, లైనర్ తట్టుకోదు. మా ఇంటికి వచ్చినతను యాసిడ్ మూత తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ముందుగా దూరం పెట్టాల్సినవి

బాత్రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్, కిరోసిన్, పెయింట్ థిన్నర్, గోళ్ల రంగు తుడిచే అసిటోన్, స్టీల్ పీచు, గిన్నెలు తోమే గరుకు ఆకుపచ్చ ప్యాడ్, ఇనుప బ్రష్. వీటిలో కొన్ని లైనర్ మీది అచ్చును కరిగిస్తాయి, కొన్ని గీతలు పెడతాయి. గీతపడ్డ చోట మళ్లీ మళ్లీ మురికి చేరుతుంది. నైలాన్ కుచ్చుల బ్రష్, మెత్తని స్పాంజ్ చాలు.

ఇంకో మాట, ఇది ప్రాణాల సంగతి. క్లోరిన్ మందుల్లో యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌నూ టీసీసీఏ (మరో రకం క్లోరిన్ మందు) బిళ్లలనూ ఒకే బకెట్‌లో, ఒకే గరిటెతో ముట్టుకోవద్దు. ఆ రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలనూ వచ్చు. విటమిన్ సి పొడి, నిమ్మ ఉప్పు కూడా యాసిడ్లే, వాటినీ క్లోరిన్ డబ్బాల పక్కన పెట్టకండి. ఏది కలిపినా నీళ్లలో మందు వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. ఈ నాలుగు మాటలూ మోటారు గది గోడ మీద రంగుతో రాయించాను, మనుషులు మారుతుంటారు కాబట్టి.

పూల్ మొత్తం ఖాళీ చేసి కడుగుదామనే ఆలోచన కూడా మానుకోండి. నీటి బరువుకే లైనర్ గోడకు అంటుకుని ఉంటుంది. నీళ్లు తీసేస్తే ముడుచుకుంటుంది, పాతదైతే మళ్లీ సాగక చిరుగుతుంది. వానాకాలంలో నేల అడుగున ఊట ఉంటే లైనర్ పైకి ఉబ్బుతుంది. నీళ్లు మార్చాల్సి వచ్చినా విడతలవారీగా కొంత తీసి, కొంత నింపాలి.

మరకను విచారించండి

మందు కొనేముందు ఒక పూట దీనికే కేటాయించండి. ముందు పూల్ నీళ్లు పరీక్షించండి. పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.6 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) ఉండాలి. పసుపు రంగు తేలే చుక్కల కిట్ చవక, కానీ మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది, అందులో ఎంత పనిచేసే స్థితిలో ఉందో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనడం మేలు. పీహెచ్ ఎక్కువగా ఉంటే నీళ్లలోని లోహాలు, సున్నం గోడకు దిగుతాయి. అప్పుడు మరక తుడిచినా రెండు వారాల్లో తిరిగొస్తుంది.

తర్వాత మరకనూ, ఆ చుట్టుపక్కలనూ చూడండి. ఆకు ఆకారంలో గోధుమరంగు అచ్చు పడిందా? పైన బాదం చెట్టో మామిడి చెట్టో ఉండే ఉంటుంది. ఊదా చుక్కలైతే, అవి జూన్, జూలైల్లో కనిపిస్తే, నేరేడు పళ్లు. అడుగంతా టీ డికాక్షన్ రంగులో పల్చగా పరుచుకుంటే బోరు నీళ్లలోని ఇనుము. ఒకేచోట చిన్న గుండ్రని తుప్పు మచ్చ ఉంటే అక్కడ ఏదో ఇనుప ముక్క పడి ఉంది. మా పూల్‌లో దొరికినవి చెప్పమంటే పిన్నీసులు, హెయిర్ పిన్నులు, సోడా మూతలు. చీరకట్టుతో నీళ్లలో దిగే పెళ్లివారు ఉన్నంతకాలం పిన్నీసులు తప్పవు. నీలం కలిసిన ఆకుపచ్చ రాగిది. నలుపు, ముదురు ఊదా రంగు పొర మాంగనీసుది కావచ్చు. నీటి అంచు వెంబడి నల్లని జిడ్డు గీత నూనె, దుమ్ము.

కంటితో చూసినదాన్ని రెండు పరీక్షలతో రూఢి చేసుకోండి.

ఒకటి, విటమిన్ సి పరీక్ష. మెడికల్ షాపులో దొరికే విటమిన్ సి బిళ్లను మరక మీద అదిమి ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. రంగులేని పొడి దొరికితే ఇంకా మంచిది, పాత సాక్సులో వేసి ముడికట్టి అదమండి. అక్కడ మరక తేలిపోతే ఇనుమే. తుప్పుగా మారిన ఇనుమును విటమిన్ సి మళ్లీ కరిగే రూపంలోకి తెస్తుంది, అందుకే కళ్లముందే మాయమవుతుంది. మొదటిసారి చూసినప్పుడు మా వాచ్‌మన్ "ఇది మందా, మంత్రమా సార్" అన్నాడు.

రెండు, క్లోరిన్ పరీక్ష. లిక్విడ్ క్లోరిన్ ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, అందులో ముంచిన గుడ్డను మెట్టు మీదో నీటి అంచు దగ్గరో ఉన్న మరకపై రెండు నిమిషాలు ఉంచండి. పల్చబడితే అది ఆకు, పండు, నాచు, పసుపు జాతి. క్లోరిన్ గుళికలనూ పొడినీ నేరుగా లైనర్ మీద పెట్టి చూడకండి. నా తెల్ల మచ్చ అలా వచ్చిందే.

విటమిన్ సికి లొంగక, నిమ్మ ఉప్పు నింపిన సాక్సుకు లొంగితే రాగి. దేనికీ లొంగకపోతే మరక లైనర్‌లో దిగిపోయిందో, వెనక నుంచి వస్తోందో. దాని సంగతి చివర్లో.

పూల్‌లో ఎన్ని నీళ్లు?

ఏ మందైనా లీటర్ల లెక్కన వేయాలి కాబట్టి ఇది తప్పదు. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. మా పూల్ 25 × 12 × 4, అంటే 1,200 ఘనపుటడుగులు, దాదాపు 34,000 లీటర్లు. ఇంకోలా చెప్పాలంటే, 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. కింద లెక్కలన్నీ ఈ పూల్‌కే, మీ కొలతతో సవరించుకోండి.

ఆకులు, పళ్లు, నాచు

ఇది తేలికైన పని. ముందు జల్లెడ వలతో ఆకులు తీసేయండి, అడుగున పేరుకున్న మడ్డిని వాక్యూమ్‌తో లాగండి. పీహెచ్ 7.2 దగ్గరికి తెచ్చుకోండి. పొద్దుగూకాక క్లోరిన్‌ను 10 పీపీఎం దాకా పెంచండి. 34,000 లీటర్లకు 340 గ్రాముల క్లోరిన్ కావాలి. పది శాతం లిక్విడ్ క్లోరిన్ అయితే 3.4 లీటర్లు. అరవై అయిదు శాతం గుళికలైతే అర కిలో పైచిలుకు. పగలు వేస్తే మన ఎండకు సగం ఆవిరైనట్టే. లిక్విడ్ క్లోరిన్ పాతబడితే, వేడి గదిలో ఉంటే బలం తగ్గిపోతుంది, మే నెలలో క్యాన్ల కొద్దీ కొని దాచుకోకండి.

మామూలు బ్లీచింగ్ పౌడరే వాడితే ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి, అందులో పొడి కలిపి, తెల్లని సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోయండి. ఆ సున్నం లైనర్ మీద పడితే గార కడుతుంది. పంపు రాత్రంతా నడవనివ్వండి. తెల్లారాక మెత్తని బ్రష్‌తో రుద్దండి. ముదిరిన ఆకు మరకలకు రెండు మూడు రాత్రులు పడుతుంది. క్లోరిన్ మళ్లీ 3కి దిగేదాకా అతిథులను దింపవద్దు.

ఇంత చేసినా కదలికే లేకపోతే ఒక అనుమానం: ఏళ్ల తరబడి టీసీసీఏ బిళ్లలే వాడుతున్నారేమో. ఆ బిళ్లలతోపాటు సైన్యూరిక్ యాసిడ్ అనే పదార్థం నీళ్లలో పేరుకుంటుంది. అది ఎక్కువైతే క్లోరిన్ ఎంత పోసినా కరవదు. కొన్ని నీళ్లు తీసి కొత్తవి నింపడమే మార్గం.

పసుపు

హల్దీ ఫంక్షన్లు ఇప్పుడు పూల్ పక్కనే జరుగుతున్నాయి. ఫొటోలు బాగుంటాయని. వాళ్లకు ఫొటోలు మిగులుతాయి, మనకు పసుపు మిగులుతుంది.

పసుపుకు రెండు గుణాలున్నాయి, రెండూ మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎప్పట్నుంచో తెలిసినవే. ఎండకు వెలిసిపోతుంది. పసుపు పట్టిన టిఫిన్ డబ్బాను ఎండలో పెట్టడం అందుకే. సున్నం, సోడా, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేదీ ఆ గుణంతోనే. కాబట్టి పసుపు మరక మీద వాషింగ్ సోడా, డిటర్జెంట్ వేసి రుద్దితే పసుపు మరక కాస్తా ఎర్ర మరక అవుతుంది. పీహెచ్ ఎక్కువున్న పూల్‌లో ఏ మందూ వేయకపోయినా నారింజ రంగుకు తిరుగుతుంది.

చేయాల్సినది ఇంతే. అడుగున దిగిన పసుపు ముద్దను బ్రష్‌తో చెదరగొట్టకుండా, వాక్యూమ్ పెట్టి నేరుగా బయటికి పంపండి, ఫిల్టర్‌లోకి కాదు. బంతిపూల రేకులు, నీటి మీద తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్టలో ఇరుక్కుంటాయి, గంటకోసారి తీయండి. పీహెచ్‌ను 7.2కు దించి, క్లోరిన్ 4 దగ్గర నిలబెట్టి, పూల్ కవర్ తీసేసి ఎండ తగలనివ్వండి. మా దగ్గర రెండు మూడు ఎండలకు లైనర్ శుభ్రమవుతుంది. ఆ ఆదివారంది మంగళవారం సాయంత్రానికి పోయింది. నీటి అంచుకు పైన పొడి భాగంలో అంటిన పసుపుకైతే తడిగుడ్డ, ఎండ, ఓపిక.

కుంకుమ, హోలీ రంగుల విషయంలో ఇంత ధీమాగా చెప్పలేను. దుకాణంలో కొనేవి ఎక్కువగా రసాయన రంగులు. కొన్ని క్లోరిన్‌కు పోతాయి, కొన్ని ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతాయి. హోలీ రోజు మా పూల్‌కు తాళం వేస్తాం. మోదుగ పూలు నానబెట్టిన రంగుతో ఆడుకుంటామన్నా సరే, వేస్తాం.

తుప్పు: అసలు తలనొప్పి

హైదరాబాద్ చుట్టుపక్కల ఫాంహౌస్ పూల్స్‌లో మొండి మరకలకు మూలం చాలాసార్లు నింపిన నీళ్లే. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక పూల్ నింపడానికి చాలాచోట్ల బోరు, ట్యాంకరే గతి. ట్యాంకర్ నీళ్లు కూడా చాలాసార్లు ఎక్కడో బోరువే. బోరులోంచి వచ్చినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి, ఎందుకంటే ఇనుము కరిగి ఉంటుంది. గాలి తగిలినా, క్లోరిన్ వేసినా తుప్పుగా మారి గోడలకు పడుతుంది. అందుకే తుప్పు మరక మీద బ్లీచింగ్ వేస్తే ముదురుతుంది.

మీ నీళ్లలో ఇనుము ఉందో లేదో తెల్ల బకెట్‌తో తేలుతుంది. బకెట్ నిండా బోరు నీళ్లు పట్టి, ఒక చెంచా బ్లీచింగ్ పౌడర్ తేట కలిపి గంటసేపు వదిలేయండి. టీ రంగుకు తిరిగితే ఉన్నట్టే. లీటరుకు అర మిల్లీగ్రాము ఉందనుకున్నా 34,000 లీటర్లకు 17 గ్రాముల ఇనుము. పైగా వేసవిలో మా పూల్ వారానికి రెండంగుళాలు దిగుతుంది, అంటే 1,400 లీటర్లు. నీరు ఆవిరైపోతుంది, ఇనుము పోదు. మళ్లీ బోరు నీళ్లు పోస్తాం, మళ్లీ కొంత ఇనుము చేరుతుంది.

చిన్న మచ్చలకు సాక్సు వైద్యం చాలు. పిన్నీసు తీసేసి, విటమిన్ సి పొడి నింపిన సాక్సును మచ్చ మీద పెట్టి, పైన నున్నటి రాయి బరువు పెట్టి పది నిమిషాలు ఉంచండి. పోకపోతే ఇంకోసారి.

అడుగంతా పరుచుకుంటే మొత్తం పూల్‌కు వైద్యం చేయాలి. కనీసం రెండు వారాలు బుకింగ్స్ ఆపుకోండి. శుక్రవారం మొదలుపెట్టి శనివారం అతిథులను దింపుదామంటే కుదరదు.

మొదటి మూడు నాలుగు రోజులు క్లోరిన్ వేయడం ఆపండి. ఎండకు అదే దిగిపోతుంది. సున్నాకు దగ్గరగా, అర పీపీఎం లోపు రావాలి. క్లోరిన్ ఉండగా విటమిన్ సి వేస్తే అవి రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, మరకకు ఏమీ మిగలదు. తొందరైతే అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్‌ను ప్యాకెట్ మీద రాసినంతే వేయండి. క్లోరిన్ లేని నీళ్లలో నాచు పట్టకుండా రాగి లేని ఆల్జిసైడ్ ముందే వేసుకోండి. రాగి ఉన్నది వేస్తే ఒక మరక పోగొట్టబోయి ఇంకోదాన్ని పిలిచినట్టే. ఈ రోజుల్లో నీళ్లలో ఎవరూ దిగకూడదు, క్లోరిన్ లేదు కాబట్టి క్రిములను ఆపేదేమీ లేదు.

పీహెచ్ 7.2 ఉండేలా చూసుకోండి. తర్వాత ఆస్కార్బిక్ యాసిడ్ పొడి, అంటే విటమిన్ సి పొడే, వెయ్యి లీటర్లకు 12 గ్రాముల చొప్పున. మా పూల్‌కు 400 గ్రాములు. నమిలే బిళ్లలు పరీక్షకు పనికొస్తాయి కానీ దీనికి కాదు, వాటిలో చక్కెర, రంగు ఉంటాయి. పంపు నడుస్తుండగా మరకలు దట్టంగా ఉన్న చోట ముందుగా, తర్వాత మిగతా అంచుల వెంట చల్లండి. అరగంటలో తేడా కనిపిస్తుంది. మరుసటి రోజుకూ కొంత మిగిలితే ఇంకో 200 గ్రాములు వేయండి.

మరకలు పోయాయని ఇక్కడే సంబరపడి ఆగిపోతారు. మేమూ అలాగే ఆగిపోయాం. పదిరోజులకు మరకలు ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి. ఇనుము ఎక్కడికీ పోలేదు, నీళ్లలో కరిగి కూర్చుంది, అంతే. క్లోరిన్ వేయగానే మళ్లీ గోడెక్కింది. కాబట్టి మరక కరిగిన వెంటనే లోహాలను పట్టి ఉంచే మందు వేయాలి. సీక్వెస్టరెంట్ అని అడగండి, హెచ్ఈడీపీ ఉన్నది పనిచేస్తుంది. మోతాదు డబ్బా మీద ఉంటుంది. అది కాలక్రమేణా విరిగిపోతుంది, కాబట్టి తర్వాత కూడా కొంచెం కొంచెం వేస్తూ ఉండాలి.

ఒక రోజు పంపు తిరగనిచ్చాక క్లోరిన్ పెంచడం మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం కొద్దికొద్దిగా. మొదటి రెండు మూడు మోతాదులు ఏమయ్యాయో తెలియనట్టు మాయమవుతాయి, మిగిలిన విటమిన్ సి వాటిని తింటుంది, కంగారుపడి ఒక్కసారిగా గుమ్మరించకండి. వారం రోజులకు 1 పీపీఎం చేరితే చాలు. పీహెచ్ ఈలోగా కిందికి పోతుంది. సోడా యాష్ (వాషింగ్ సోడా) వేస్తే ఒక్కసారిగా పైకి లేచి ఇనుము దిగే ప్రమాదముంది. నీళ్లు లోపలికి వచ్చే నాజిల్స్‌ను పైకి తిప్పి నీటి మీద అలలు లేచేలా చేయండి, గాలి కలిస్తే పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. మరీ తక్కువుంటే వంట సోడా.

ఇక మూలానికి వైద్యం. బోరు నీళ్లను నేరుగా పూల్‌లోకి వదలడం మానేశాం. ముందు సంపులోకి పైనుంచి షవర్‌లా పడేలా పోస్తాం, రాత్రంతా వదిలేస్తాం. గాలి తగిలి కొంత ఇనుము అక్కడే అడుక్కి దిగుతుంది. పొద్దున పైనీళ్లు మాత్రమే, అడుగు కదలకుండా, పూల్‌కు పంపుతాం. ఖర్చు ఒక పైపు, ఒక షవర్ తల. వాన పడ్డప్పుడు డాబా మీది నీళ్లు కూడా, మొదటి వాన వదిలేసి, పూల్‌కు మళ్లించవచ్చు. వాటిలో ఇనుము ఉండదు.

రాగి చిలుము

నాచు పోవడానికి చవకైన మందని మైలతుత్తం వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మైలతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. నాచును చంపే మాట నిజమే, కానీ రాగి నీళ్లలోనే ఉండిపోతుంది. పీహెచ్ పెరిగిన రోజున లైనర్ మీద నీలి ఆకుపచ్చ పొరగా దిగుతుంది. తెల్లజుట్టు ఉన్నవాళ్లు ఈత కొడితే జుట్టుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. మా పెదనాన్నకు వచ్చింది. పెళ్లి ఫొటోల్లో చూసి ఇప్పటికీ ఆటపట్టిస్తాం.

చిన్న మరకలకు నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరికేదే. సాక్సులో వేసి అయిదు నిమిషాలు అదిమి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ. ఇక్కడా క్లోరిన్ తక్కువగా ఉండాలి, పని అయ్యాక సీక్వెస్టరెంట్ వేయాలి. పూల్ అంతా పట్టేస్తే కొన్ని నీళ్లు తీసి కొత్తవి నింపడం మేలు.

ఆ తీసిన నీళ్లను ఎక్కడ వదులుతున్నారో కూడా చూసుకోండి. మొయినాబాద్ వైపు వాగులు చేరేది గండిపేట, హిమాయత్‌సాగర్‌లకే. మూసీ వరద తర్వాత 1920, 1927 సంవత్సరాల్లో నగరం కోసం కట్టిన చెరువులవి. రాగి చేపలకు విషం. వాగులోకి, నాలాలోకి వదలకండి. క్లోరిన్ మాత్రమే ఉన్న నీళ్లయితే కొన్ని రోజులు ఎండకు నిలవ ఉంచి చెట్లకు పెట్టవచ్చు.

నీటి అంచు జిడ్డు

కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, దుమ్ము. తడి స్పాంజ్ మీద వంట సోడా వేసుకుని తుడవండి, వారానికోసారి. పసుపు ఆడిన వారం మాత్రం సోడా వద్దు, కారణం పైన చెప్పాను. అతిథులు స్నానం చేసి దిగితే ఈ గీత బాగా తగ్గుతుంది. షవర్ పూల్‌కు పక్కనే పెట్టండి, ఇరవై అడుగుల దూరంలో ఉంటే ఎవరూ వెళ్లరు.

పోని మరకలు

గులాబీ మచ్చలు, అంచులు గుడ్డ మీద చాయ్ పాకినట్టు మసకగా ఉంటే, అవి లైనర్ వెనక తేమలో పెరిగే సూక్ష్మజీవుల రంగు. ప్లాస్టిక్ గుండా ముందువైపుకు వస్తాయి. వెనక నుంచి తుప్పు కూడా ఇలాగే వస్తుంది, ఉక్కు పలకలతో కట్టిన పూల్స్‌లో ముఖ్యంగా. ఇవి ముందునుంచి ఏం చేసినా పోవు. వీటిని చూడగానే లీకు ఉందేమో వెతకండి. ఒక బకెట్‌లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, బకెట్ లోపల, బయట నీటి మట్టం గుర్తు పెట్టండి. ఒక రోజు తర్వాత బయట ఎక్కువ దిగితే లీకే. చుట్టూ తుంగ మొలుస్తుంటే దాన్నీ పీకించండి, ఆ మొలక లైనర్‌ను కిందనుంచి పొడుచుకుని వస్తుంది.

తెల్లగా పాలిపోయినవి అసలు మరకలే కావు, రంగు పోయిన చోట్లు. బిళ్లను నేరుగా పూల్‌లో పడేస్తే గుండ్రంగా వస్తాయి. తేలే డబ్బాలోనే బిళ్లలు వేయండి. పాలిపోయిన చోట వేలితో నొక్కి చూడండి, పెళుసెక్కి ఉంటే నీళ్లలోనే అంటుకునే వినైల్ ప్యాచ్ వేయాలి.

డిపాజిట్ తగవు

అద్దె వ్యాపారంలో ప్రతి మరక చివరికి డిపాజిట్ దగ్గరికి వస్తుంది. నా పద్ధతి చెప్తాను. అతిథులు దిగేముందు పూల్‌ను నాలుగు మూలల నుంచి, మెట్లను దగ్గర నుంచి ఫొటోలు తీసి వాళ్లకే వాట్సాప్ చేస్తాం. వెళ్లాక అవే కోణాల్లో మళ్లీ. పసుపు, కుంకుమ, పిన్నీసుల తుప్పు కొత్తగా కనిపిస్తే శుభ్రం చేసిన ఖర్చు మాత్రమే తీసుకుంటాం, ఎంతో ముందే చెప్పి. అడుగంతా పరుచుకున్న టీ రంగుకు, నీలి చిలుముకు మాత్రం ఎవరి డిపాజిట్టూ పట్టుకోను. అవి మా బోరు, మా మందుల పని. ఒక రాత్రి ఉండిపోయినవాళ్ల నెత్తిన అది రుద్దడం న్యాయం కాదు. తెలియక ఒకసారి అలా పట్టుకున్నాను, సాక్సు పరీక్ష నేర్చుకున్నాక ఫోన్ చేసి తిరిగిచ్చాను.

హల్దీ అడిగేవాళ్లకు కాదనం. పూల్‌కు దూరంగా, వేపచెట్టు కింద పెద్ద ఇత్తడి గంగాళం, పక్కనే రబ్బరు పైపు ఏర్పాటు చేశాం. పెళ్లికొడుకుని అక్కడ ఎంతైనా ముంచమంటాం.